గోడ మీద రూళ్ళు

చెట్టు వెయ్యమన్నాడు మా బావ.

బడి గోడ మీద బొమ్మ అంటే ఎవరైనా ముందు చెట్టే అడుగుతారు, అందులో వింతేం లేదు. కానీ కాండం సరిగ్గా ఎక్కడ రావాలో, అది ఎటు వంగాలో, ఏ కొమ్మ కిటికీ మూల నుంచి మొదలవ్వాలో కూడా ఆయనే చెప్పాడు. సొంత ఇంటి గోడలది ఏ రంగని అడిగితే తల తిప్పి చూసుకుని చెప్పే మనిషి ఆయన. అలాంటాయనకు ఉన్నట్టుండి బొమ్మల మీద ఇంత మోజు ఎందుకు పుట్టిందో నాకు అప్పుడే తట్టాల్సింది. తట్టలేదు. పెద్ద గోడ దొరికిందన్న సంబరంలో ఉన్నాను.

"నిండుగా ఉండాలమ్మా అగ్గిపుల్లా," అన్నాడు బావ. "ఆకులు, తీగలు, పిట్టలు, నీ ఇష్టం. ఖాళీ అన్నది మాత్రం కనపడకూడదు."

అగ్గిపుల్ల అంటే నేనే. చిన్నప్పుడు మా అక్క పెట్టిన పేరు, బావ వచ్చాక నలుగురిలో వాడుకలోకి తెచ్చాడు. నాకు కోపం ఎక్కువన్న మాట నిజమే. కాకపోతే ఊరికే రాదు. నా పని గోడల మీద బొమ్మలు వేయడం. ఆసుపత్రుల్లో వేశాను, లైబ్రరీల్లో వేశాను, ఒకసారి ఈతకొలను చుట్టూ కూడా వేశాను. బడికి వేయడం ఇదే మొదలు.

బావ కట్టడాల కాంట్రాక్టరు. ఆ బడిలో కొత్త గదుల వరస ఆయన కట్టిందే. వరసలో చివరి గది పక్క గోడ ఆటస్థలం వైపు తిరిగి, గేటులోంచి వచ్చే ప్రతివాళ్ళకీ ఎదురుగా ఉంటుంది. తనిఖీకి పైనుంచి పెద్దవాళ్ళు వస్తున్నారని, ఆలోపు దాని మీద బొమ్మ పడాలని పెద్ద మేడం పట్టుబట్టిందట. ఆ బడి ప్రధానోపాధ్యాయినిని అందరూ పెద్ద మేడం అనే అంటారు. "మా మరదలు ఉండగా బయటివాళ్ళెందుకని నీ పేరు నేనే చెప్పా," అన్నాడు బావ, నాకేదో రాజ్యం రాసిచ్చినట్టు.

ఏ పని ఒప్పుకున్నా ముందు గోడతో పరిచయం చేసుకోవడం నా అలవాటు. కాయితం, పెన్సిలు ఆ తర్వాతే. గోడ పొడవునా నడుస్తూ వేలి కణుపులతో తడతాను. గట్టిగా ఉన్నచోట ఒక చప్పుడు వస్తుంది, లోపల ప్లాస్టరు వదిలేసినచోట డొల్ల చప్పుడు వస్తుంది. అరచెయ్యి ఆనించి చెమ్మ చూస్తాను. ఎండ ఎటు నుంచి పడుతుందో, పిల్లల చేతులు ఎంత ఎత్తు వరకు అందుతాయో చూసుకుంటాను.

ఆ గోడకు అప్పటికే కొత్తగా తెల్లరంగు వేసి ఉంది. పక్క గదులకు లేదు, దీనికొక్కదానికే. కిటికీ మూల దగ్గర తట్టేసరికి చప్పుడు మారింది. సంచిలోంచి రేకు తీసి రంగు గీకాను. కింద లప్పం. ఆ లప్పం కింద ఇంకో లప్పం, పాతది, పసుపు తిరిగినది. రెండూ చీలి ఉన్నాయి. గీక్కుంటూ పోయాను. బీట కిటికీ మూల నుంచి ఇటుకల వెంబడి మెట్లు మెట్లుగా నేల దాకా దిగింది. పైన వెడల్పు, కింద సన్నం. బావ చూపించిన కొమ్మ అదే. కాండం అదే. ఆ వంపు కూడా అదే.

గోడ అన్నాక బీటలు వస్తాయి. ప్లాస్టరు ఎండి వెంట్రుక మందాన చీలినవి నాకు రోజూ కనపడతాయి, లప్పం పట్టించి వాటి మీద బొమ్మ వేసేస్తాం. కానీ పూడ్చినచోటే మళ్ళీ చీలిందంటే గోడ కదులుతోందని అర్థం. ఒకసారి పూడ్చారు, చీలింది. మళ్ళీ పూడ్చారు, మళ్ళీ చీలింది. మూడో పూడికకి నన్ను పిలిచారు. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. మసిపూసి మారేడుకాయ చేయడానికి వీళ్ళకి దొరికిన మసి నేనన్నమాట.

ఆ గోడ అవతల ఏముందో చూద్దామని లోపలికి వెళ్ళాను. ఒకటో తరగతి. చిన్న చిన్న బెంచీలు, గోడకు ఆనుకుని ఒక వరస. కిటికీ పక్కన అంకెల చార్టు వేలాడుతోంది. దాన్ని పక్కకు తొలగించాను. బీట అక్కడా ఉంది. అవతలి వైపున్నదే ఇవతలికి వచ్చింది.

"అది మా పోస్టు డబ్బా," అంది మొదటి బెంచీలో కూర్చున్న పిల్ల. ముందు పళ్ళు రెండూ ఊడిపోయాయి.

"ఏం పోస్టు చేస్తారు?"

"ముందు కాయితాలే పట్టేవి. ఇప్పుడు పెన్సిలు ముక్కలు కూడా పడుతున్నాయి." నా ఎదురుగానే ఒక అరిగిపోయిన పెన్సిలు లోపలికి తోసి చూపించింది. గోడ లోపలెక్కడో అది దొర్లిన చప్పుడు వినపడింది. "లావు క్రేయాను ఇంకా పట్టట్లేదు. వానలొచ్చాక పడుతుంది."

"ఎవరు చెప్పారు?"

"మొన్న రెండు జల్లులు పడితేనే కదా పెన్సిలు పట్టింది," అంది, ఈమాత్రం తెలీదా అన్నట్టు.

వాళ్ళ టీచరు పరుగున వచ్చి చార్టు సర్దింది. ఉద్యోగంలో కొత్తగా చేరిన అమ్మాయి. "చెప్పాను మేడంగారికి. చాలాసార్లు చెప్పాను," అంది గొంతు తగ్గించి. "పైనుంచి మట్టి రాలుతోందంటే చార్టు కట్టుకోమన్నారు." ఆ అమ్మాయి మీద కూడా నాకు కోపం వచ్చింది. చెప్పి ఊరుకోవడానికి అదేమైనా కిటికీ గొళ్ళెమా?

నేరుగా పెద్ద మేడం గదికి వెళ్ళాను. తరగతి గది కంటే పెద్దగా ఉంది. సోఫా, అద్దాల బీరువా, మూలన కుండీలో మొక్క. బావ అక్కడే కూర్చుని టీ తాగుతున్నాడు.

"ఆ గోడ కదులుతోంది. పిల్లల్ని ఇప్పుడే ఆ గదిలోంచి తీసెయ్యండి," అన్నాను.

పెద్ద మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఇంజనీరుగారు చూశారమ్మా. ప్రమాదం లేదని సంతకం కూడా పెట్టారు."

"ఏ ఇంజనీరు?"

బావ టీ కప్పులోకి చూశాడు. అర్థమైంది. వాళ్ళ వాడే.

"అలా తీసెయ్యండంటే పిల్లల్ని ఎక్కడ పెట్టమంటావు? నా నెత్తిన పెట్టుకోనా?"

"నెత్తినెందుకు, ఈ గదిలో పెట్టుకోండి. బోలెడంత ఖాళీ ఉంది."

పెద్ద మేడం ముఖం మాడిపోయింది. "నువ్వు బొమ్మ వెయ్యడానికి వచ్చావు, బొమ్మ వెయ్యి," అంది. బావ నన్ను చెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చాడు.

"ఏంటా నోరు? నీకు పని ఇప్పించినందుకు నా పరువు తీస్తావా?"

"పునాది కింద ఏముంది బావా?"

జవాబు చెప్పడేమో అనుకున్నాను. చెప్పాడు. "పాత గుంట. పూడ్చాం. గట్టిగానే దిమ్మిస కొట్టించా. కొత్త మట్టి అన్నాక కాస్త దిగుతుంది, తర్వాత అదే కుదురుకుంటుంది. ఈ తనిఖీ ఒక్కటి గట్టెక్కితే సెలవుల్లో నేనే విప్పి కట్టిస్తా. ఒట్టు."

"సెలవులు వానల తర్వాత కదా?"

"వానలకి గోడలు పడిపోతాయా? ఊళ్ళో ఇళ్ళన్నీ పడిపోయాయా?" అన్నాడు. నిమ్మకు నీరెత్తినట్టు ఎలా అనగలిగాడో ఆ మాట. నాకు మాత్రం ఒళ్ళు తెలియలేదు. వరండా అని కూడా చూడకుండా నానా మాటలూ అన్నాను. పిల్లలు కిటికీల్లోంచి చూశారు.

సాయంత్రం గంట కొట్టాక గేటు దగ్గర నిలబడి, పిల్లల కోసం వచ్చిన తల్లిదండ్రులకు చెప్పాను. ఎవరు మీరన్నారు. బొమ్మలు వేసేదాన్నన్నాను. బొమ్మలు వేసే ఆవిడకి గోడల సంగతి ఎందుకన్నాడొకాయన, పక్కవాళ్ళు నవ్వారు. అంతలో పెద్ద మేడం సంతకం కాయితం పట్టుకుని నవ్వుతూ వచ్చింది. అందరూ దాన్ని చూశారు, నన్నూ చూశారు. డబ్బుల దగ్గర ఏదో తేడా వచ్చి ఉంటుందిలే అని ఒకావిడ పక్కావిడతో అనడం నా చెవినపడింది. ఎవరి పిల్లల్ని వాళ్ళు తీసుకుని వెళ్ళిపోయారు. అంతకంటే ఎవరో వచ్చి నా చెంప మీద కొట్టినా బాగుండేది.

అక్క వాళ్ళింటికి వెళ్ళాను. బావ ఇంకా రాలేదు. అక్క మంచం మీద ఉతికిన బట్టలు కుప్ప పోసుకుని మడతలు పెడుతోంది. అన్నీ చెప్పాను. మీ ఆయన అని మొదలుపెట్టి ఏమేం అనకూడదో అవన్నీ అన్నాను. అక్క తల ఎత్తలేదు. చొక్కా చేతులు వెనక్కి మడిచి, కాలరు సరిచేసి, దొంతర మీద పెట్టింది.

"నేను ఈ పని చెయ్యను. రేపే చెప్పేస్తా," అన్నాను చివరికి.

"నువ్వు మానేస్తే ఇంకొకడు వస్తాడు," అంది అక్క. "వాడు చెట్టు వేసి పోతాడు."

మొగుణ్ణి వెనకేసుకొస్తోందనుకున్నాను. "నీకు బుద్ధుందా?" అని విసురుగా లేచి వచ్చేశాను. దారంతా పళ్ళు నూరుకుంటూనే నడిచాను. ఇల్లు చేరి తాళం తీస్తుండగా అక్క అన్న మాట మళ్ళీ గుర్తొచ్చింది. నిజమే. ఇంకొకడు వస్తాడు. ఆకులూ తీగలూ పిట్టలూ దట్టంగా వేస్తాడు. ఆ బీట తెరుచుకున్నా ఆకుల మధ్య ఎవరికీ కనపడదు. నా నోటితో చెబితే ఎవరూ వినలేదు సరే, వాళ్ళకి కళ్ళయితే ఉన్నాయి కదా.

కాయితాలు ముందేసుకుని కూర్చున్నాను. గోడ బొమ్మలు వేసేవాళ్ళకు తెలిసిన మొదటి పాఠం, వంకర గోడ మీద వంకర బొమ్మ వెయ్యమని. చెట్లు, మబ్బులు, అలలు ఏ లోపాన్నయినా మింగేస్తాయి. తిన్నని గీత మాత్రం దేన్నీ దాచదు. వేలెడంత ఎగుడుదిగుడు ఉన్నా ఊరందరికీ చెబుతుంది. అందుకే చేతనైనంతవరకు దాని జోలికి పోం.

ఇళ్ళు గీశాను, కిటికీలు గీశాను, నచ్చలేదు. రైలు పట్టాలు గీశాను. మెట్లు గీసి, బీట కూడా మెట్లలాగే ఉంది, కలిసిపోతుందని చింపేశాను. కోపంలో పెన్సిలు నొక్కి నొక్కి ముక్కు విరిగింది. చెక్కుకుందామని లేస్తే, చింపి పారేసిన కాయితాల్లో ఒకటి తిరగబడి ఉంది. పాత నోటుపుస్తకంలో కాయితం. దాని మీద రూళ్ళు. ఒకదాని కింద ఒకటి, నీలంగా, ఈ చివర నుంచి ఆ చివరకు. ఎడమ పక్కన నిలువుగా ఎర్ర గీత.

గోడంతా ఒక్క రూళ్ళ కాయితం చెయ్యాలి. ఏ రూలూ బీటను దాటకుండా పోకూడదు.

గీసిన నమూనాను బడి కమిటీ ముందు పెట్టేటప్పుడు నేను ఎంతో మర్యాదగా ఉన్నాను. నన్ను నేనే గుర్తుపట్టలేనంత మర్యాద. "ఇది ఒకటో తరగతి పిల్లల నోటుపుస్తకంలో పేజీ అండీ. రూళ్ళు నేను గీస్తాను. అక్షరాలు వాళ్ళు రాసినవే, పెద్దవి చేసి వేస్తాను. వాళ్ళ చేతిరాతే," అన్నాను.

పెద్ద మేడం ముఖం విచ్చుకుంది. "చదువు కనపడుతోంది," అంది. "శుభ్రంగా ఉంది. తనిఖీకి వచ్చేవాళ్ళకి చాలా నచ్చుతుంది."

"చెట్టనుకున్నాం కదా?" అన్నాడు బావ.

"చెట్టు ఎక్కడైనా ఉంటుందండీ. ఇది బడి," అంది పెద్ద మేడం.

"అది కాదు మేడం, చెట్టయితే ఇంకొంచెం..."

"ఇంకొంచెం ఏంటండీ?" అని కమిటీలో ఒకాయన అడిగాడు.

బావ నీళ్ళు నమిలాడు. చెట్టు ఎందుకు కావాలో నలుగురిలో ఎలా చెబుతాడు? నా వైపు చూశాడు. నేనూ చూశాను. ఆ గదిలో ఆ రూళ్ళు ఎందుకో తెలిసినవాళ్ళం మేమిద్దరమే. నా జీవితంలో ఏ బొమ్మా అంత తొందరగా ఒప్పుకోలేదెవరూ.

బయటికొచ్చాక నా చేతిలో ఒక డబ్బా పెట్టాడు. "సాగే లప్పం. బీటలో ఇది పట్టించి, పైన జాలీ టేపు వేసి, అప్పుడు గీసుకో నీ గీతలు," అన్నాడు పళ్ళు బిగించి. "నీ పని కూడా నిలబడాలి కదా."

సాగే లప్పం మంచి సరుకే. గోడ కాస్త కదిలినా రబ్బరులా సాగి, పైన రంగు చీలకుండా చూస్తుంది. డబ్బా తీసుకుని సంచిలో వేసుకున్నాను.

ముందుగా ఒకటో తరగతికి వెళ్ళి పిల్లల చేత అక్షరాలు రాయించాను. పళ్ళూడిన పిల్ల తన అక్షరాన్ని అద్దంలో చూసినట్టు తిరగేసి రాసింది. వచ్చేముందు టీచరుతో బెంచీలు గోడకు దూరంగా జరపమని చెప్పాను. ఆ అమ్మాయి ఆ రోజే జరిపించింది, పిల్లలు ఆ పక్కన కిక్కిరిసి కూర్చున్నారు. అందుకు సంతోషించానో లేదో, తనిఖీకి గది పొందికగా కనపడాలని పెద్ద మేడం మళ్ళీ మొదటిలాగే వేయించింది.

రూళ్ళు గీయడానికి రెండో మనిషి కావాలి. నూలు తాడుకు నీలం పొడి పట్టించి, గోడకు ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు బిగించి పట్టుకోవాలి. మధ్యలో లాగి వదిలితే గోడ మీద తిన్నగా గీత పడుతుంది. మనిషి కోసం వెతుక్కుంటుంటే అక్క వచ్చింది, పాత చీర కట్టుకుని, జుట్టు ముడేసుకుని. "నేను పట్టుకుంటా," అంది.

"బావకి తెలుసా?"

"తాడు పట్టుకోడానికి కూడా పర్మిషన్ కావాలా?"

నేను బీటలో మామూలు సుద్ద లప్పం పట్టించాను. ఎండితే పెళుసుగా, గాజులా ఉంటుంది, సాగడమన్నది ఎరగదు. టేపు వెయ్యలేదు. బావ ఇచ్చిన డబ్బా మూత కూడా తీయకుండా నిచ్చెన పక్కన ఉంది. అక్క దాన్ని చేతిలోకి తీసుకుని, మీద రాసింది చదివి, తిరిగి అక్కడే పెట్టింది. 

రోజంతా అక్కాచెల్లెళ్ళం తాడు పట్టుకున్నాం. రసమట్టం పెట్టి చూసుకోవడం, బిగించడం, వదలడం. తాడు గోడకు తగిలినప్పుడల్లా నీలం పొడి మా మొహాల మీద లేచేది. పిల్లలు వెనక నిలబడి ఒక్కో గీతకీ చప్పట్లు కొట్టారు. చిన్నప్పుడు నా నోటుపుస్తకానికి రూళ్ళు గీసిపెట్టింది కూడా అక్కే. నా చేతిలో రూళ్ళకర్ర ఉంటే దాంతో ఎవరినో ఒకరిని కొట్టేదాన్నని అక్క పిల్లలతో చెప్పింది. వాళ్ళు పడీ పడీ నవ్వారు. గోడ అవతల వాళ్ళ బెంచీలున్నాయన్న సంగతి నాకు ఒక్క క్షణం కూడా మరుపు రాలేదు. అందుకే నవ్వలేకపోయాను.

రూళ్ళ మీద రంగు పట్టించి, అక్షరాలు వేశాను. తిరగేసి రాసిన అక్షరాన్ని సరిచేయమంది పెద్ద మేడం. "పిల్ల ఎలా రాస్తే అలాగే ఉంటుంది," అన్నాను. అప్పటికి నా మర్యాద అయిపోయింది.

తనిఖీ రోజున నన్ను రావద్దన్నారు. వచ్చినవాళ్ళు గోడ ముందు నిలబడి ఫొటోలు తీయించుకున్నారట. బావ మా ఇంటికి మిఠాయిల పెట్టె తెచ్చాడు. "చూశావా, గట్టెక్కాం," అన్నాడు. నాకు ఒకటి ఇవ్వబోతే పెట్టెతో సహా వెనక్కి నెట్టాను.

తర్వాత వానలు పట్టుకున్నాయి.

రోజూ పొద్దున్నే బడికి వెళ్ళి గొడుగు పట్టుకుని గోడ ముందు నిలబడేదాన్ని. ఒకరోజు కిటికీ మూల దగ్గర పై రూలు తెగింది. మర్నాటికి దాని కింద నాలుగైదు తెగాయి. తెగడమంటే ఊరికే చీలడం కాదు. ఎడమ పక్క ముక్క ఉన్నచోటే ఉంది, కుడి పక్క ముక్క కిందికి దిగింది. ప్రతి రూలూ ఒకేచోట మెట్టు దిగింది. గేటు దగ్గర నుంచే కనపడుతోంది.

పిల్లల్ని దింపడానికి వచ్చినవాళ్ళు ఆగడం మొదలుపెట్టారు. గోడల సంగతి తెలియకపోయినా, నోటుపుస్తకంలో రూలు ఎలా ఉండాలో తెలియనివాళ్ళు ఎవరూ ఉండరు. "గీత విరిగిపోయిందే!" అని ఒక పిల్లాడు వాళ్ళ నాన్నను ఆపాడు. "నిన్న ఇంత లేదు," అందొకావిడ. నన్ను చూసి నవ్విన పెద్దమనిషి ఇప్పుడు నా పక్కకి వచ్చి, "ఎంత దిగిందంటారు?" అని అడిగాడు. "మీ అబ్బాయి ఆ గదిలోనే కూర్చుంటాడుగా, వాణ్ణే అడగండి," అన్నాను. ఆయన మీద నాకు జాలి లేదు, ఇప్పటికీ లేదు.

మర్నాడు నేను వెళ్ళేసరికి నిచ్చెన మీద బావ ఉన్నాడు. ఒక చేతిలో నీలం రంగు డబ్బా, ఇంకో చేతిలో కుంచె. తెగిన రూళ్ళను ఏటవాలుగా అతికిస్తున్నాడు. పై ముక్కకీ కింది ముక్కకీ మధ్య వంకరగా ఒక నీలం చార. ఒకటి, దాని కింద ఇంకొకటి. చేతగాని పని, చూస్తుంటేనే కడుపు మండింది.

"దిగు బావా," అన్నాను.

"నువ్వు మాట్లాడకు. కావాలనే చేశావు. నేనిచ్చిన లప్పం పెట్టలేదు. నా బతుకు బజారుకీడ్చడానికే గీశావిది!"

"అవును, కావాలనే గీశాను. గోడ దిగుతోందని నోటితో చెబితే వినలేదు, అందుకే గీశాను. నువ్వు అతికించేది నా గీతల్నా, ఆ గోడనా? రంగు పూస్తే ఆగుతుందా అది? నీ కూతురైతే కూర్చోబెడతావా ఆ బెంచీలో?"

వాళ్ళకు పిల్లలు లేరు. ఆ మాట అనకూడనిది. కానీ అన్నాను, అందరూ విన్నారు. గేటు లోపల జనం పోగయ్యారు. పెద్ద మేడం వరండాలోంచి అందరినీ లోపలికి వెళ్ళమంటోంది. ఎవరూ కదలలేదు.

బావ కళ్ళు జనంలో ఎవరినో వెతికాయి. తిరిగి చూస్తే అక్క. గొడుగు లేకుండా తడుస్తూ వచ్చింది.

"నీ చెల్లెలికి నువ్వైనా చెప్పు," అన్నాడు బావ. "ఏం చేసిందో చూడు!"

అక్క నిచ్చెన దాకా నడిచింది. "నాకు కొత్తగా చెప్పేదేముంది?" అంది. అందరికీ వినపడింది. "ఆ తాడు రెండో కొస పట్టుకుంది నేనే. ఎందుకు గీస్తోందో తెలిసే పట్టుకున్నా. గుంట సరిగా పూడలేదని నువ్వు ఫోనులో అన్నరోజు నుంచీ నాకు నిద్ర లేదు. దిగు."

 కుంచెలోంచి నీలం రంగు బొట్లు బొట్లుగా బావ చెప్పుల మీద పడుతోంది. మెల్లగా దిగాడు.

గంట కొట్టారు. ఒకటో తరగతి టీచరు పిల్లల్ని బయటికి తీసుకొచ్చింది. ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని వరసగా వస్తున్నారు. ఆ అమ్మాయి ఎవరినీ అడగలేదు. వరండా పొడవునా నడిపించుకుంటూ వెళ్ళి, పెద్ద మేడం గది తలుపు తోసి, పిల్లల్ని సోఫా మీదా, కింద తివాచీ మీదా కూర్చోబెట్టింది.

"ఇదేం పని? ఎవరి అనుమతితో?" అంది పెద్ద మేడం.

"మీకు చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టిందండీ," అంది టీచరు, ముక్కు తుడుచుకుంటూ. తల్లిదండ్రులు గుమ్మం దగ్గర నిలబడ్డారు. పెద్ద మేడం వాళ్ళ ముఖాలు చూసి ఊరుకుంది.

ఆ వారంలోనే గోడ విప్పడానికి మనుషులొచ్చారు. తల్లిదండ్రులు పిలిపించిన వేరే ఇంజనీరు దూరంగా తాడు కట్టించి, పిల్లల్ని ఆటస్థలం అవతలే ఉండమన్నాడు. రెండు రోజుల పని అన్నాడు. ఒకతను కిటికీ మూలన గడ్డపార ఆనించి, ఇంకా నొక్కకముందే గోడ లోపలికి మొగ్గింది. అతను వెనక్కి గెంతాడు. నీలం రూళ్ళూ, ఎర్ర గీతా, తిరగేసి రాసిన అక్షరమూ అన్నీ గది లోపలికే పడ్డాయి. దుమ్ము అణగడానికి చాలాసేపు పట్టింది. గోడకు ఆనుకుని వేసిన బెంచీలు ఇంకా అక్కడే ఉన్నాయి, వాటిని బయటికి తేవాలని ఎవరికీ తోచలేదు. ఇప్పుడు వాటి కాళ్ళు కూడా కనపడటం లేదు.

 అక్క నా భుజం పట్టుకుంది. నాకు ఏడుపు రాలేదు. సంతకం పెట్టినవాడు, చార్టు కట్టమన్నావిడ, ఒట్టు పెట్టినవాడు, గేటు దగ్గర నవ్వినవాళ్ళు, ఒక్కొక్కళ్ళనీ లాక్కొచ్చి ఆ కుప్ప ముందు నిలబెట్టాలనిపించింది. బావ అప్పటికే వచ్చి నిలబడి ఉన్నాడు. ఒక్కడే, దూరంగా, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని. అక్క అటు వెళ్ళలేదు.

కుప్ప అంచున ఇటుకల మధ్య పెన్సిలు ముక్కలు రాలి ఉన్నాయి, ఎర్రవి, పచ్చవి, నల్లవి. పళ్ళూడిన పిల్ల ఎప్పుడు తప్పించుకుని వచ్చిందో, తాడు కిందనుంచి దూరి నా పక్కన నిలబడింది. గబుక్కున దాన్ని పట్టుకున్నాను.

"నా పెన్సిలు," అని చూపించింది. తర్వాత చెయ్యి ఎత్తి కుప్ప మీదికి, అది అన్నిటికంటే ఎత్తుగా ఉన్నచోటికి, హుషారుగా వేలు పెట్టింది.

"నేను కూర్చునేది అక్కడే!"